చెప్పరాని జబ్బు

మేము రొమ్ము కాన్సరును గూర్చి వ్రాయదలచితిమని తెలిసి మా మిత్రులొకరు, విద్యావంతులు, మాయందు వాత్సల్యముగల పెద్దలు, మమ్ము నొకమూలకు పిలిచి మందలించిరి. "సంసారస్త్రీలును కన్నెపిల్లలును చదువుకొను పత్రికలో ఆ మాటలేమిటయ్యా? వైద్యుల పత్రికలున్నవి గదా, అందులో వారు వ్రాసికొందురు" అని వారి యాక్షేపణ. వారి వయస్సును గౌరవించి అప్పుడు మాఱుపలుకలేదు. ఇప్పుడు పలుకుచున్నాము.

మేము ఇరువదియేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పుకొని బ్రదుకువారము. కావ్యములలో నాయికావర్ణనము వచ్చినప్పుడు నాలుగు పద్యములు దాటవేసి ముందునకు పోవుట మాకు అలవాటే. మన కవులు స్త్రీవక్షమును కొండలతోను, కుంభములతోను, జక్కవలతోను పోల్చిపోల్చి అలసిపోయినవారు కారు. సభలలో ఆ పద్యములను రాగముతీసి చదువుదుము; తలలూపుదుము; చదివినవారికి శాలువలు కప్పుదుము. అప్పుడు రాని సిగ్గు, అదే యంగమున నొక గడ్డ పుట్టినదని ఇంటి యాడుబిడ్డ నోరు విప్పబోవునప్పుడు వచ్చుచున్నది. ఇది యెక్కడి సిగ్గు? ప్రాచీనులదందుమా, సుశ్రుతుడు నిదానస్థానమున స్తనరోగములకు చోటిచ్చినాడు. ఆ తరువాతి యధ్యాయముననే గ్రంథి వేఱు, అర్బుదము వేఱు అని విడదీసి చెప్పినాడు. ఆయన శిష్యులు తలలు వంచుకొని ఆ పుటలను దాటవేసిరని మేమెక్కడను చదువలేదు. పూర్వులమీద నెపము పెట్టుట మాని, ఇది మనము నడుమ సంపాదించుకొన్న ఆస్తియే యని ఒప్పుకొందము.

వాదమునకు ముందు మాయింటి సంగతి చెప్పవలెను. అది దాచి యితరులను నిందించుట న్యాయము కాదు.

మా యక్కగారికి ఒక్కతే కూతురు. ఆమెకు 27 ఏండ్ల వయస్సున, ఎనిమిదినెలల ఆడుబిడ్డకు పాలిచ్చుచుండగా, ఎడమరొమ్మున ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలెను. నొప్పిలేదు. నొప్పిలేదు గనుక భయములేదని ఇంటిల్లిపాది సంతోషించిరి. అత్తగారు పాలగడ్డ యని కాపడము పెట్టించిరి. ఆమెను మేము తప్పుపట్టము. ఆమె కాన్పులలో ఆమె చూచినవన్నియు పాలగడ్డలే. నెలదినములకు పట్టణములోని వైద్యునకు చూపించిరి. ఆయన కూర్చున్నచోటినుండి లేవకయే, "ఇంత చిన్న వయసులో ఏముంటుందమ్మా? బిడ్డకు పాలు మాన్పితే అదే పోతుంది" అని మాత్రలు వ్రాసియిచ్చెను.

ఆ రాత్రి మా మేనకోడలు మాకు టెలిఫోను చేసినది. "మామయ్యా, గడ్డ గట్టిగా ఉంది, కదలడంలేదు. ఇంకొక డాక్టరుకు చూపించుకోమంటావా?" మా కుటుంబములో నాలుగు పుస్తకములు చదివినవారమని పేరు మాకు, ఏ విషయమైనను మమ్మడుగుట వారికి అలవాటు. మేమేమంటిమి? "డాక్టరు చూశాడు కదమ్మా. లేనిపోని భయాలు పెట్టుకోకు. పాలు మాన్పిన తరవాత చూద్దాంలే." ఈ వ్యాసము వ్రాయుచేయియే ఆనాడు ఆ టెలిఫోను పట్టుకొన్నది.

పాలు మాన్పుటకు నాలుగునెలలు పట్టెను. తరువాత ఆడుబిడ్డ పెండ్లి వచ్చెను. పెండ్లిలో పెద్దకోడలు ఆసుపత్రికి పోయినదన్న బాగుండదని యాగిరి. గడ్డ తగిలిన తొమ్మిదినెలలకు గాని సూదిపరీక్ష జరుగలేదు. అప్పటికి చంకలో బిళ్ళలు కట్టినవి. కాలేయమునకును పాకినదని స్కానింగులో తేలెను. భర్త యుద్యోగమునకు సెలవుపెట్టి ఆమెను పసిబిడ్డవలె సాకెను; అత్తగారు తన నగలమ్మి మందులు తెచ్చెను. రెండున్నరయేండ్లు బ్రదికినది.

ఇందులో దుర్మార్గులెవ్వరును లేరు. అదియే మాకు కష్టముగా నున్నది. దుర్మార్గుడొకడున్నచో వానిని తిట్టి ఊరకుండవచ్చును.

ఇక రోగము సంగతి. 2022వ సంవత్సరమున మన దేశములో సుమారు 1,92,000 మంది స్త్రీలకు క్రొత్తగా రొమ్ము కాన్సరు వచ్చినదనియు, సుమారు 98,000 మంది దానిచే మరణించిరనియు అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థవారి యంచనా. భారతస్త్రీలకు వచ్చు కాన్సరులలో ఇదియే మొదటిది. పాశ్చాత్యదేశములలోకంటె మన దేశమున ఇది సుమారు పదియేండ్లు ముందుగా వచ్చుచున్నదని వైద్యులు చాలకాలముగా చెప్పుచున్నారు. వ్యాధి రొమ్మును దాటకమునుపే పట్టుబడినచో, అమెరికాదేశపు లెక్కల ప్రకారము, నూటికి 99 మంది ఐదేండ్ల తరువాతను బ్రదికియుందురు; దూరపు టంగములకు పాకిన తరువాత ఆ సంఖ్య మూడవవంతునకు దిగజాఱును. పడుచువారికి వచ్చు వ్యాధి తఱచుగా ఉద్ధృతమైన జాతికి చెందినది. ముసలివారిలో మెల్లగా నడుచునది వీరిలో పరుగెత్తును. కావున ముసలివారికంటె పడుచువారి విషయముననే తొందరపడవలసియుండగా, మనము సరిగా తలక్రిందులుగా చేయుచున్నాము.

"వయసు చిన్నది" అను మాటకు ఆధారము బొత్తిగా లేకపోలేదు. ముప్పదియేండ్లలోపు స్త్రీలకు కనబడు గడ్డలలో మిక్కిలి యెక్కువభాగము నిరపాయమైన కంతులే. వ్రేలితో నొక్కిన జాఱిపోవుచుండును. ప్రాణమునకు ముప్పు తేవు. కావున గడ్డ తగిలినంతనే గుండె బాదుకొనవలసిన పనిలేదు. అయితే ఈ మాట గడ్డలన్నిటిని గూర్చిన మాట గాని, ఎదుట కూర్చున్న పిల్ల గడ్డను గూర్చిన మాట కాదు. ఆ పిల్ల గడ్డ ఏ జాతిదో చెప్పుటకు సాధనములున్నవి: చేతితో పరీక్షించుట, స్కానింగు, సూదితో ముక్కతీసి సూక్ష్మదర్శినిక్రింద చూచుట. మూడును ఏకవాక్యముగా చెప్పిన తరువాతనే వైద్యుడు "ఏమియులేదు" అనుటకు అధికారి యగును. ఆ మాటను ముఖముచూచి, వయస్సడిగి చెప్పువాడు జ్యోతిష్కుడు గాని వైద్యుడు కాడు. ఒక ఋతుచక్రము గడచినను పోని గడ్డను ఇక కనిపెట్టి చూడరాదు, పరీక్షింపవలెను. చర్మము సొట్టపడుట, నారింజతొక్కవలె గరుకెక్కుట, ముచ్చిక లోనికి లాగుకొనిపోవుట, నెత్తురు కాఱుట, చంకలో బిళ్ళకట్టుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను ఋతుచక్రముకొఱకైనను ఆగనక్కఱలేదు.

పాలిచ్చుతల్లికిని గర్భిణికిని ఇది వర్తింపదని కొందఱనుకొందురు. వర్తించును. అల్ట్రాసౌండువలన గర్భస్థశిశువునకు హానిలేదు. సూదిపరీక్షను గర్భముతోడను చేయుదురు. చికిత్సకూడ, మొదటి మూడునెలలు దాటినపిమ్మట, చాలవఱకు సాగింపవచ్చును. పడుచువారికి మమోగ్రాము ఒక్కదానినే నమ్ముకొనరాదు. వారి రొమ్ములోని కండ దట్టము. చిత్రమున అదియు తెల్లగానే, కంతియు తెల్లగానే కనబడును. వెన్నెలలో మల్లెపూవును వెదకినట్లుండును. చేతికి గడ్డ తగులుచుండగా చిత్రములో ఏమియు లేదన్నంతమాత్రమున ఇంటికి తిరిగి రాగూడదు.

"సూది పొడిచితే పాకును, కత్తి తగిలితే రేగును" అనునది మఱియొక వేదవాక్యము. బి.ఏ.లు, ఎం.ఏ.లు చదివినవారి నోటను మేము విన్నాము. ఏమి జరుగుచున్నదనగా, ముదిరిన తరువాత సూదిపరీక్షకు పోయినవారు కొలదికాలములో మరణించుట చూచి జనులు సూదిమీద నేరము మోపుచున్నారు. ఇల్లు కాలినతరువాత వచ్చిన నీళ్ళబండియే ఇల్లు కాల్చినదనుటకు ఇదియు ఒకటే. రొమ్ము తీసివేయుదురను భయముచేత దాచుకొనువారును కలరు. మొదటి దశలో గడ్డవఱకే తీసి కిరణచికిత్స చేసినను, రొమ్ము మొత్తము తీసినంత ఫలితముండునని ఇటలీలో వెరోనేసియు, అమెరికాలో ఫిషరును దశాబ్దముల క్రిందటనే తేల్చిరి. దాచుకొన్నకొలది తీయవలసినది పెరుగును.

ఈనడుమ అక్టోబరు మాసము వచ్చునప్పటికి గులాబిరంగు నాడాలు, నడకలు, ఉపన్యాసములు, ఉచితశిబిరములు వెల్లువెత్తుచున్నవి. మేము వానిని వలదనము. ఆ పేరు పదిమందిలో పలుకుటయే ఒక మేలు. కాని వానితో కార్యము ముగిసినదనుకొన్నచో మోసపోవుదుము. ముంబయి టాటా స్మారక వైద్యశాలవారు 1998లో ఆరంభించి ఇరువదియేండ్లు, లక్షన్నర స్త్రీలను రెండేసి యేండ్లకొకసారి శిక్షితులైన కార్యకర్తలచే చేతితో పరీక్షింపజేసి, 2021లో ఫలితములు ప్రకటించిరి. ఏబదియేండ్లు దాటినవారిలో ఈ వ్యాధివలని మరణములు నూటికి 30 వంతున తగ్గినవి. ఏబదిలోపువారిలో అట్టి తగ్గుదల స్పష్టపడలేదు. అంతకుముందు షాంఘైనగరమున బట్టలమిల్లులలో పనిచేయు 2,66,000 మంది స్త్రీలలో సగముమందికి స్వయంపరీక్షను పద్ధతిగా నేర్పి చూడగా, 2002లో ప్రకటించిన లెక్కలో, నేర్చినవారికిని నేర్వనివారికిని మరణములలో భేదము లేకపోయెను. మన ప్రభుత్వము 2016లో ఏర్పఱచిన పరీక్షాపద్ధతియు ముప్పదియేండ్లు నిండినవారికే. అదియైనను, 2019-21 నాటి జాతీయకుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, ముప్పది మొదలు నలువదితొమ్మిది యేండ్ల స్త్రీలలో రొమ్ము పరీక్ష ఒక్కసారియైన చేయించుకొన్నవారు నూటికి ఒక్కరు కూడ లేరు.

దీనివలన తేలునదేమి? ముప్పది దాటని పడుచును వెదకికొని ఏ శిబిరమును, ఏ యంత్రమును రాదు. ఆమెకు స్నానము చేయునప్పుడో, బిడ్డకు పాలిచ్చునప్పుడో అనుకోకుండ తగులు గడ్డయే ఆమెకు వచ్చు వర్తమానము. ఆ వర్తమానము ఆమె నోటినుండి ఇంటికి, ఇంటినుండి వైద్యునకు ఎన్నిదినములలో చేరుననుదానిమీద ఆమె ప్రాణము ఆధారపడియున్నది. నడుమనున్న వాకిలి మనమే. అత్తలము, తల్లులము, మగలము, మామలము. ప్రపంచారోగ్యసంస్థవారు మొదట వైద్యునియొద్దకు వచ్చిననాటినుండి 60 దినములలో రోగనిర్ణయము పూర్తికావలెనని గడువుపెట్టిరి. మాయింట అంతకు నాలుగింతలు గడచినవి.

పెండ్లిళ్ళ పేరిట జరుగు దాపఱికమును గూర్చి కొంచెము విస్తరించి వ్రాయవలసియున్నది. మా మేనకోడలిని హైదరాబాదు తీసికొనిపోయినప్పుడు అక్కడి వైద్యురాలు మొట్టమొదట, "మీ కుటుంబములో ఎవరికైనను ఈ జబ్బు వచ్చినదా?" యని యడిగినది. మా యక్క లేదన్నది. మా బావగారు తలవంచుకొనిరి. తరువాత నడవలో నిలువబడి మాతో చెప్పిరి: ఆయన పెద్దచెల్లెలు ముప్పదినాలుగవయేట పోయినది జ్వరముచేత కాదు, ఈ వ్యాధిచేతనే. అప్పటికి ఇంకను ఇద్దఱు చెల్లెండ్రు పెండ్లికుండిరి. తెలిసినచో సంబంధములు రావని తండ్రిగారు ఇంటివారిచేత ప్రమాణము చేయించిరట. పెండ్లిళ్ళు జరిగినవి. ఆ మాట భూమిలో పాతిపెట్టబడినది. మా యక్కకు ముప్పదియేండ్ల సంసారములో అది తెలియదు. ఆమె కూతునకు అసలే తెలియదు. తన మేనత్త ఏ జబ్బుచేత పోయినదో ఆ పిల్లకు తెలిసియున్నచో ఆ రాత్రి మమ్మడిగియుండునా? మేము "చూద్దాంలే" అనియుందుమా?

జన్యుపరీక్షలో బి.ఆర్.సి.ఎ. ఒకటవ జన్యువున దోషమున్నదని తేలెను. ఇది పదునేడవ క్రోమోసోముపై నున్నదని 1990లో మేరీక్లేర్ కింగు అను శాస్త్రజ్ఞురాలు చూపగా, 1994లో దానిని గుర్తించిరి. ఆ దోషమున్న స్త్రీలలో ఎనుబదియేండ్లలోపల నూటికి సుమారు 70 మందికి రొమ్ము కాన్సరు వచ్చును. తల్లినుండి సంక్రమించినట్లే తండ్రినుండియు సంక్రమించును. ప్రతిబిడ్డకును సగముపాళ్ళు అవకాశము. తండ్రి ఆరోగ్యముగా తిరుగుచునే కూతునకు దానిని పంచియీయవచ్చును. మనవారు ఆడుదాని జబ్బుకు ఆడుదాని పుట్టినింటినే వెదకుదురు. మేనత్తలను లెక్కలోనికి తీసికొనరు. ఏడుతరముల గోత్రప్రవరలు కంఠపాఠముగా చెప్పగల యింట, ఒక్కతరము వెనుక మేనత్త దేనిచేత చనిపోయినదో చెప్పువాడు లేకపోయెను. ముందుగా తెలిసినచో, ఇట్టి దోషముగల పడుచులకు ఇరువదియైదవయేటినుండి ఏటేట ఎం.ఆర్.ఐ. తీయించి కనిపెట్టియుండు పద్ధతి కలదు. ఒకమాట మాత్రము మఱువరాదు: ఈ వ్యాధిలో వంశపారంపర్యముగా వచ్చునది పదింట ఒకవంతునకు మించదు. "మా వంశములో ఎవ్వరికిని లేదు" అను ధైర్యమునకు అర్థములేదు.

దాచి చేసిన పెండ్లి మోసమని మన ధర్మశాస్త్రములు చెప్పకపోలేదు గాని, మేమిక్కడ వరునిపక్షమున వాదించుటలేదు. ఆ కన్నెపిల్ల పక్షమున వాదించుచున్నాము. ఆమె మేలుకొఱకని దాచినది ఆమెకే తెలియకుండ దాచితిమి గదా!

ఇంటివారు అండగా నిలువవలెనన్నచో ఏమి చేయవలెను? న్యాయస్థానమున వకీలును చూడుడు. కక్షిదారు మాటను గట్టిగా చెప్పును. కక్షిదారు నోరుమూసి తనమాట చెప్పడు. మనయిండ్లలో ఆసుపత్రికి వెంటపోవువారు తఱచుగా రెండవపనియే చేయుదురు. వైద్యుడు పిల్లను అడుగును, భర్త బదులు చెప్పును, అత్తగారు సవరించును, పిల్ల గోడవైపు చూచుచుండును. వెంట పోవలెను, కాగితములన్నియు ఒకచోట తేదీలవారీగా కుట్టి పెట్టుకొనవలెను, ఆమె మఱచినది జ్ఞాపకము చేయవలెను. వైద్యుడు "ఏమియులేదు" అన్నప్పుడు మర్యాదగా ఒక్క ప్రశ్న వేయవలెను: "అయ్యా, ఏ పరీక్షవలన లేదని చెప్పుచున్నారు?" దానికి సరియైన సమాధానము రానిచో మఱునాడే యింకొక వైద్యునియొద్దకు పోవలెను. మంచివైద్యుడు ఈ ప్రశ్నకు కోపపడడు. కోపపడువాడు పోగొట్టుకొనునది కొంత గౌరవము. అడుగనివారు పోగొట్టుకొనునది మాకు తెలియును.

ధనము లేదనుట కొందఱి విషయమున నిజము. హైదరాబాదులో 1955 నుండి ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి యున్నది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ ఆరంభమైనది మొదలు, పేదవారికి ఈ చికిత్సకు ప్రభుత్వమే వెచ్చించు ఏర్పాటు నేడు రెండు రాష్ట్రములలోను నడుచుచున్నది. దానికి పరుగులెత్తి కాగితములు సంపాదించుట రోగిష్ఠి పని కాదు, ఇంటి మగవారి పని. రోగము తెలిసినంతనే "మీ పిల్లను మీరే బాగుచేయించుకొని పంపుడు" అని పుట్టినింటికి దిగవిడిచిపోవు ఘనులును మనలో నున్నారు. ఆమె నగలును కట్నమును మాత్రము వారియింటనే యుండును. అట్టివారికి చెప్పుటకు మాయొద్ద మాటలు లేవు. మాటలు వినువారైనచో అట్లు చేయరు.

మమ్ము మందలించిన పెద్దలకు మాయింటి కథ తెలియదు. వారికి ముగ్గురు మనుమరాండ్రు. పెద్దది కళాశాలలో చదువుచున్నది. ఈ సంచికను ఆమె చేతికందకుండ వారు దాచుదురేమోనని మాకు భయమున్నది.

మా మేనకోడలి బిడ్డకిప్పుడు ఏడేండ్లు. తల్లి పరీక్షాపత్రములన్నియు ఒక సంచిలోపెట్టి మాయింటి బీరువాలో ఉంచితిమి. పదునెనిమిదేండ్లు నిండినప్పుడు ఆమెకు చదివి చెప్పుదుమని ఆమె తండ్రియు మేమును మాట యనుకొంటిమి. మా బావగారు, అరువదియేండ్లు దాటిన మనిషి, కిందటేడు తన చెల్లెండ్రిద్దఱి యిండ్లకును స్వయముగా పోయి, నిజము చెప్పి, పిల్లలకు పరీక్ష చేయింపుడని బ్రతిమాలిరి. ఒకచెల్లెలు ఏడ్చి, కూతును వెంటబెట్టుకొని మఱుసటివారమే హైదరాబాదు పోయినది. రెండవచెల్లెలు అన్నగారికి భోజనము పెట్టి, "అన్నయ్యా, పిల్లకు సంబంధం కుదురుతోంది. పెళ్లయ్యాక చూద్దాంలే. ఈలోగా ఎక్కడా ఈ మాట అనకు" అని సాగనంపినది. పిల్లకు ఇరువదినాలుగేండ్లు. లగ్నము మాఘమాసములో నిశ్చయించిరి. మాకును శుభలేఖ వచ్చినది.